అబీదా బీ గద్దలు

ఎర్రగుట్టపల్లెలో జొన్నచేలు ఉన్నన్నాళ్లూ పిట్టలు తోలేవాళ్లకు కొదవ లేదు. మంచె ఎక్కి వడిసెల తిప్పడం చేతనైతే చాలు, పిల్లా పెద్దా అందరూ పనివాళ్లే. ఆ చేలమీదికి ఎయిర్‌పోర్టు గోడ జరిగొచ్చింది. పాత రన్‌వే చిన్న విమానాలకు సరిపోయేది. ఇప్పుడు పెద్దవి దిగాలంట. రన్‌వే పొడవు పెంచారు, పక్కన కొత్త టెర్మినల్ లేస్తోంది. చేలు పోయాయి గానీ పిట్టలు తోలే పని పోలేదు. పోకపోగా దానికిప్పుడు డిగ్రీ కావాలన్నారు.

ఆ ఉద్యోగం రుఖియాకు వచ్చింది. నారింజ రంగు కోటు, మెడలో ఈల, చేతిలో వాకీటాకీ, తిరగడానికి జీపు. రన్‌వే మీద పక్షి కనిపిస్తే టపాకాయ పేల్చి తోలాలి. ఊరు ఊరికే ఉంటుందా? "మీ అవ్వ సంగటి తిని తోలె, నువ్వు చదువుకోని తోలుతాండావు. అంతే కదమ్మా తేడా!" అని టీ అంగడి దగ్గర ఆటపట్టించేవాళ్లు. రుఖియా కూడా వాళ్లతో కలిసి నవ్వేసేది. నవ్వని మనిషి ఒక్కతే, ఆమె తల్లి అబీదా బీ.

అబీదా బీకి విమానమంటే పడదు. అందుకు కారణం ఉంది. భర్త హజరత్ వలి కమలాపురంలో పరుపులు కుట్టేవాడు. దూది ధూళికి దగ్గు పట్టుకొని కొన్నేళ్లు పని సాగలేదు. కూతురికి ఇంకా పాలపళ్లు ఊడకముందే అబీదా బీ విమానమెక్కి కువైట్ పోయింది, ఎవరి పిల్లలకో తలలు దువ్వడానికి. తిరిగొచ్చేసరికి రుఖియా పక్కింటి వరమ్మ చేత అన్నం పెట్టించుకునే పిల్ల అయిపోయింది. కన్నతల్లి చేతులు చాపితే కొత్త మనిషిని చూసినట్టు చూసి తలుపు చాటుకు పోయింది. అదింకా అబీదా బీ కడుపులో మండుతూనే ఉంది.

తన బిడ్డ కువైట్ పోకూడదు. ఆమె అల్లాను అడిగేది అదొక్కటే. ఈ ఉద్యోగం నిలిస్తే ఆ మాట రాదు. నిలవకపోతే, చుట్టాల ఇళ్లలో ఆడపిల్లలు పోయిన దారే దీనికీ దారి. ఏజెంటు అప్పుడే ఇంటికొచ్చి టీ తాగి, పాస్‌పోర్టు సంగతి కదిపి పోయాడు కూడా.

ఇలా ఉద్యోగమూ కావాలి, విమానం దగ్గర పనంటే భయమూ పోదు. ఆ భయానికి ఆజ్యం పోసినవాడు మరిది అబూబకర్. రన్‌వేలు పరిచే మిషను నడుపుతాడు. బహ్రెయిన్‌లో పరిచాడు, వియత్నాంలో పరిచాడు, ఇప్పుడు ఫిలిప్పీన్స్‌లో ఉన్నాడు. "యాడ జూసినా ఇదే కత వదినా. ఏ దేశం పోయినా చేలు చదును జేసి విమానాలకు ఇస్తాండారు. నాకు పనికి కరువు లేదు" అని ఫోన్‌లో నవ్వుతూ చెప్పేవాడు. రుఖియాకు ఉద్యోగం వచ్చిన రోజున మాత్రం నవ్వు ఆపి, "ఇంజను ఆడతాంటే దగ్గరికి పోవాకని చెప్పు. మనిషిని పీల్చేస్తాది" అన్నాడు. మంచికే అన్నాడు. అబీదా బీకి ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

మర్నాడే ఆమె సద్కా మొదలుపెట్టింది. బిడ్డకు కీడు తగలకుండా మాంసం ముక్కలు తలచుట్టూ తిప్పి గద్దలకు వేయడం వాళ్లమ్మ చేసేది, అమ్మమ్మా చేసేది. మసీదులో ఇమాం మాత్రం, గద్దలకెందుకమ్మా, ఆకలిగొన్న మనిషికి పెట్టు అంటాడు. ఆ మాటా నిజమే. కానీ ఆకలిగొన్న మనిషి కీడును కాళ్లతో పట్టుకొని ఆకాశంలోకి ఎత్తుకుపోలేడు కదా! అక్కడే అబీదా బీకి ఇమాంతో కుదరలేదు.

రుఖియా ఇలాంటివంటే నవ్వుతుంది. అందుకని ఆమె డ్యూటీకి పోయాక, గోడమీది కాలేజీ ఫోటో చుట్టూ పళ్లెం మూడుసార్లు తిప్పి, మిద్దె ఎక్కి ముక్కలు ఎగరేసేది. మొదట ఒక్క గద్ద వచ్చింది. విందు సంగతి దాచుకునే జాతి కాదది. కొన్నాళ్లకు ఆమె మెట్లెక్కుతుంటేనే నెత్తిమీద గుంపు తిరిగేది. పళ్లెం పట్టుకొని వీధి దాటితే అవీ దాటేవి, చేనికి పోతే చేనికి వచ్చేవి. పక్కింటి వరమ్మకైతే పండగే. "పొద్దున్నే గరుడ దర్శనం! నీ మిద్దె శానా పుణ్యం చేసుకునిందే అబీదా" అంటూ చెంపలేసుకునేది. అవి ఉత్త నల్లగద్దలని ఆమెకు చెప్పి పాపం మూటగట్టుకునేదెవరు?

ఆ మిద్దెకూ, పొడిగించిన రన్‌వే కొసకూ మధ్య ఉన్నది రెండు చేలూ ఒక వంకా. అది అబీదా బీకి తట్టనే లేదు. తల్లి బిడ్డ బాగుకోసం గద్దలను పిలుస్తోంది. బిడ్డకు జీతం ఇస్తున్నది గద్దలను తోలినందుకు. ఇద్దరూ ఎవరి పని వాళ్లు ఒళ్లొంచి చేసుకుపోతున్నారు.

ఒక ఆదివారం సాయంత్రం దావీదురాజు విసురుగా వాకిట్లోకి వచ్చాడు. ఊళ్లో ఉన్న ఒకే ఒక చికెన్ అంగడి ఆయనది.

"ఏమ్మా రుఖియమ్మా, నా కడుపు కొట్టాల్నని ఉండాదా మీ ఎయిర్‌పోర్టు సారుకు? గద్దలు నా అంగడి చెత్తకే వస్తాండాయంట. శుక్రవారం పెద్ద విమానం దిగి చూస్తాదంట. ఆలోపల గద్దలు పోకుంటే నా అంగడి ఎత్తేయిస్తారంట. నేను గుంత తీసి, సున్నం ఏసి పూడుస్తాండా తల్లీ. ఒక్క ఈక బయటికి పోయింటే చెప్పుతో కొట్టు."

"నీ అంగడొకటేనా చిన్నాయనా, నా పనికే ఎసరొచ్చేటట్టుండాది" అంది రుఖియా దిగులుగా. "శుక్రవారం గద్దలు అడ్డమొస్తే మా సెక్షన్ అంతా తీసేసి బయటి కంపెనీకి ఇస్తారంట."

గడప దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతున్న అబీదా బీ చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఆ అరుణ్ కుమార్ సారుకు నువ్వన్నా ఒక మాట చెప్పమ్మా" అన్నాడు దావీదురాజు. "మన ఇంటి బిడ్డవని దినామూ నీకు కార్జం ఏరి ఏరి ఇస్తాండా. దానికన్నా చెప్పు."

"నాకా? కార్జమా?" రుఖియా మొహం చిట్లించింది. "దాని వాసనే నాకు పడదు చిన్నాయనా!"

"మరి మీయమ్మ, పాపకు ఇష్టమని దినామూ తీసకపోతాదే?"

ఇద్దరూ అబీదా బీ వైపు తిరిగారు. ఆమె కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి, అవి ఉల్లిగడ్డల నీళ్లు కావు. ఇక దాచి లాభం లేదు. ఫోటో సంగతీ, పళ్లెం సంగతీ, మిద్దె సంగతీ అంతా చెప్పేసింది. దావీదురాజు "ఓ యబ్బా!" అని తల పట్టుకొని అరుగు మీద కూలబడ్డాడు. కాసేపటికి ఆయనకు నవ్వొచ్చింది. రుఖియాకు రాలేదు.

"నేను ఎండలో నిలబడి తోలేదీ, నువ్వు మిద్దెక్కి పిలిచేదీ ఒకటే గద్దల్నా అమ్మా?"

"నీకేం కాకూడదనే కదే..."

"నాకేమయితాది? ఇప్పుడు పనే పోతాది. పోతే నేనూ నీ మాదిరే, ఇల్లిడిచిపెట్టి కువైట్ పోవాల్సిందే."

అనేశాక ఆ మాట రుఖియాకే బాగనిపించలేదు. లేచి లోపలికి పోయింది. అబీదా బీకి మాత్రం ప్రాణం ఉసూరుమంది. కూతురు తిట్టినా ఓర్చుకునేది. "నీ మాదిరే" అన్నదే, అది ఓర్చుకోలేకపోయింది.

మర్నాడు రుఖియా ఉన్నదున్నట్టు అరుణ్ కుమార్‌కు చెప్పింది. ఆయన కోప్పడలేదు. "మీ ఇల్లేనా! సరే, ఆపేయమని చెప్పమ్మా. దావీదురాజుకు నేనే సర్దిచెప్తాను. కానీ శుక్రవారం సంగతి నా చేతుల్లో లేదు" అన్నాడు.

అబీదా బీ పళ్లెం కడిగి బోర్లించింది. మేత ఆపితే గద్దలు పోతాయని అందరూ అనుకున్నారు. మరిగిన నోరు అంత తేలిగ్గా ఊరుకుంటుందా? అవి పిట్టగోడ మీద వరసగా కూచొని చూశాయి. పళ్లెం రాలేదు. ఇక వెతుకులాట మొదలుపెట్టాయి. ఒకటి వరమ్మ చేతిలోని జొన్నరొట్టెనే తన్నుకుపోయింది. ఆ దెబ్బతో వరమ్మ చెంపలేసుకోవడం మానేసి చీపురు పట్టింది. ఇన్నాళ్లూ పొద్దున ఒక్కపూట వచ్చి తిని పోయేవి, ఇప్పుడు దినమంతా రన్‌వే మీదే చక్కర్లు. టపాకాయ పేలితే లేచేవి, పొగ విడవగానే దిగేవి. రుఖియా గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చేది. అన్నం కెలికి లేచేది. తల్లితో ముక్తసరిగా మాట్లాడేది.

శుక్రవారం పొద్దున కూతురు జీపెక్కగానే అబీదా బీ తిన్నగా చికెన్ అంగడికి పోయింది.

"కార్జం ఇయ్యప్పా. ఉండేదంతా ఇయ్యి."

"మళ్లీనా? అమ్మా, నీకు దండం పెడతా..."

"ఈడ ఎయ్యను. గుట్ట అవతలికి తీసకపోతా. నా పళ్లెం యాడికి పోతే అవి ఆడికి వస్తాయి, నువ్వు చూడలేదా?"

దావీదురాజు చూశాడు. ఊరంతా చూసింది. ఆమె తెచ్చిన పళ్లెం అంచులదాకా పోశాడు.

ఇంటి దగ్గర హజరత్ వలి జుమ్మాకని తెల్లబట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. సంగతి విని, "నలుగురూ జూస్తే నవ్వుతారే" అని నసిగాడు.

"నవ్వనీ. నేను బిడ్డను ఇడిచిపెట్టి విమానమెక్కినప్పుడు ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏడ్వలేదు. ఇప్పుడు నవ్వితే ఏం? బండి తియ్యి."

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి టీవీఎస్ బండి బయటికి తీశాడు.

అబీదా బీ ముందు మిద్దెక్కి, ఆకాశానికి కనబడేలా పళ్లెం చాపి నిలబడింది. రన్‌వే మీదినుంచి ఒకటి మళ్లింది. దాని వెనక రెండు. చూస్తుండగానే గుంపంతా మళ్లింది. ఆమె గబగబా దిగి బండి వెనక కూచొని, పళ్లెం నెత్తికంటే ఎత్తుగా పట్టుకుంది. టీ అంగడి దగ్గర జనం లేచి నిలబడ్డారు.

"ఏమప్పా వలీ, ఊరేగింపా?"

"అవునప్పా. పెండ్లికొడుకులు పైన వస్తాండారు, జూడండి!" అన్నాడు హజరత్ వలి. నవ్వేవాళ్లకంటే ముందు తనే నవ్వేస్తే సగం బరువు తగ్గుతుందని ఆయనకు తెలుసు.

గద్దలకు విసుగు పుట్టకుండా అబీదా బీ మధ్యమధ్య ఒక్కో ముక్క విసిరింది. ఒక గద్ద ఆగలేక పళ్లెం మీదికే దిగి, గోళ్లతో ఆమె మణికట్టు చీరేసి పోయింది. రక్తం మోచేతిదాకా కారుతున్నా చెయ్యి దించలేదు. గుట్ట వెనక బండిబాట అయిపోయింది. అక్కడినుంచి ఆమె గుట్ట కొనదాకా నడిచి, ఒక బండమీదికి ఎక్కి నిలబడింది. దూరంగా రన్‌వే, దాని పక్కన నారింజ రంగు చుక్క ఒకటి. రుఖియానో, ఇంకెవరో తెలియదు. అబీదా బీ మాత్రం ఆ చుక్క వైపు తిరిగి, దాని చుట్టూ తిప్పుతున్నట్టే మూడుసార్లు పళ్లెం తిప్పింది. తర్వాత ఒక్కో ముక్కా ఎగరేయసాగింది, తొందర లేకుండా. గద్దలన్నీ ఆమె నెత్తిమీదే ఉన్నాయి.

అంతలో విమానం మోత వినిపించింది. ఊరిమీదుగా ఎప్పుడు విమానం పోయినా ఆమె ఇంట్లోకి పోయి తలుపేసుకునేది. ఇప్పుడు పోవడానికి తలుపు లేదు, చేతిలో పళ్లెం ఖాళీ కాలేదు. అక్కడే నిలబడి చూసింది. పెద్ద విమానం అలా వంగి, దిగి, నేలమీద పరుగెత్తి ఆగింది. నారింజ చుక్క ఉన్నచోటే ఉంది. అబీదా బీ బండమీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. సంతోషానికే ఏడ్చింది.

సాయంత్రం రుఖియా వచ్చింది. కోటు కూడా విప్పకుండా తల్లి చెయ్యి పట్టుకొని గీరుకుపోయినచోట మందు రాసింది.

"జీపులోంచి జూస్తి. గుట్టమీద గద్దలన్నీ ఒక్కచోటే తిరుగుతాంటే, ఆడ నువ్వే ఉండావని తెలిసిపోయె. సారుకు చెప్తి."

"ఏమనె?"

"పని ఉంటాదిలే. గద్దలకు గుట్ట అలవాటు అయ్యేదాకా మీ అమ్మను ఆడనే ఎయ్యమను, ఇంటిమీద మాత్రం వద్దు అనె."

"వినపడిందా?" అంది అబీదా బీ భర్తతో. "రేపు కూడా బండి తియ్యాల."

"ఉద్యోగం ఒకరికి, పని ముగ్గురికి" అని గొణిగాడు హజరత్ వలి.

మర్నాడు పొద్దున రుఖియా కోటు వేసుకొని, ఈల మెడలో తగిలించుకొని, గడప దాకా పోయి ఆగింది. అబీదా బీ పళ్లెంతో గోడమీది ఫోటో దగ్గరికి పోతోంది.

"అమ్మా, నేను ఈడనే ఉండా కదా, ఫోటోకు తిప్పేదెందుకు?"

అబీదా బీ వెనక్కి తిరిగింది. ఒకనాడు తలుపు చాటుకు పోయిన పిల్ల ఇప్పుడు అదే తలుపు ముందర నిలబడి తల వంచింది. తల్లి పళ్లెం ఎత్తబోతే దాని అంచు ఆమె జుట్టుకు తగిలింది.

"బిరీన తిప్పు మా, జీపొస్తాది" అంది రుఖియా, రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకొని.