తేలే గోడ

"ఆ అట్టపెట్టె జోలికి వెళ్ళొద్దన్నానా?" అన్నాడు ఆనందరావు.

"రెండేళ్ళుగా దానిమీద ఇస్త్రీబట్టలు పెడుతున్నాం. అది గ్రైండరా, బల్లా?" భానుమతి చేతిలో కత్తెర దించలేదు.

"కాంట్రాక్టు పొడిగించకపోతే తిరిగెళ్ళేటప్పుడు దాన్ని మళ్ళీ ఎవరు కడతారు భానూ? కాగితం చేతికి రానీ."

కాకినాడ నుంచి దోహాకి తెచ్చుకున్న గ్రైండరది. అల్ హిలాల్‌లో ఈ ఇంట్లో దిగినప్పటినుంచీ మిక్సీ పిండే గతి. అత్తగారు సావిత్రమ్మ మనవలతో అంది: "మీ నాన్న గోడ తేలితే మనకి మెత్తటి ఇడ్లీ. మునిగితే విమానం."

ఆనందరావు నవ్వలేదు. చమురు డబ్బుతో దోహా తీరమంతా కొత్త కట్టడాలు లేస్తున్న రోజులవి. ఖరీదైన పడవలు నిలిపే మెరీనా ముందు అడుగంతా బురద, రాళ్ళు పోస్తే దిగబడిపోతాయి. అందుకని థర్మోకోల్ నింపిన కాంక్రీటు పెట్టెల్ని వరసగా తేల్చి, గొలుసులతో అడుగుకి కట్టించాడు. అల వాటిని కుదిపి, బలమంతా అక్కడే పోగొట్టుకోవాలి. కానీ కిందటి నెల గాలికి అలలు పెట్టెల మీంచి దూకి పడవల్ని గుద్దాయి. పొడిగింపు కాగితం మేనేజరు బల్లమీదే ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం భానుమతి మెరీనాకి క్యారియరు తీసుకెళ్ళేసరికి సముద్రం పోటుమీదుంది. కూలీల మేస్త్రీ, నిజామాబాద్ లింబాద్రి, ఆనందరావుకి నీళ్ళలోకి చూపిస్తున్నాడు.

"పలుపు కురుచగ కట్టి బర్రెను లెవ్వమన్నట్టుంది సార్. నీళ్ళెక్కుతున్నయ్, పెట్టెలు ఎక్కుతలేవ్. గొలుసు జర వదులు జెయ్యుండ్రి."

విశాఖ రేవులో ఇరవయ్యేళ్ళు రాతిగోడలు కట్టిన మనిషి ఆనందరావు. గోడంటే కదలకూడదనే అలవాటు చేతులకి పట్టేసింది. వంగి, బిగుసుకుపోయిన గొలుసుల్ని చూశాడు.

"నిజమే లింబాద్రీ. నేనే బిగించేశాను."

వారం రోజులు కూలీలు ఒక్కో గొలుసుకీ అదనపు ముక్కలు కలిపారు. గురువారం ఉత్తరపు గాలి, ఇక్కడివాళ్ళు షమాల్ అంటారు, కిటికీలు ఊడిపోతాయా అన్నట్టు వీచింది. శుక్రవారం పొద్దున్నే ఇంట్లో అందరూ మెరీనాకి కారెక్కారు.

గోడ బయట అలలు తెల్లగా విరుగుతున్నాయి. పెట్టెలు లేచి, పడి, మళ్ళీ లేస్తున్నాయి. లోపల పడవమీద లింబాద్రి టీ గ్లాసుతో కూర్చున్నాడు.

"జర ఊగుతుంది గని, సుక్క ఒలుకుతలేదమ్మా!"

అవతల నిలబడ్డ మేనేజరు పెట్టెల్నీ పడవల్నీ మార్చి మార్చి చూశాడు. ఇక్కడ పనివారం మొదలయ్యే ఆదివారం ఆఫీసుకి రమ్మని మాత్రం చెప్పి వెళ్ళాడు.

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర ఆనందరావు లేచి ఇస్త్రీబట్టలు మంచంమీదికి చేర్చాడు. కత్తెర తెచ్చాడు.

"కాగితం రాలేదుగా?" అంది భానుమతి.

"రానీ, రాకపోనీ." పిల్లలవైపూ, తల్లివైపూ చూసి మెల్లగా అన్నాడు. "పెట్టె విప్పేస్తున్నాం. భానూ, పప్పు నానబెట్టు."