కుర్చీలాటలో గంగవ్వ

బోధన్‌లో పాత షుగర్ ఫ్యాక్టరీ వెనక వాడలో గంగవ్వ ఉంటుంది. ఒకప్పుడు చెరుకు నరికే గుంపులో అందరికన్నా ముందుండేది. కరోనా వచ్చినప్పుడు కొడుకు డేనియల్ ఆమెను గడప దాటవద్దన్నాడు. కరోనా పోయేసరికి మోకాలి నొప్పి వచ్చింది. కోడలు ఆశ అన్నం, మందులు, చివరికి ఫోన్‌లో ఆదివారం ఆరాధన కూడా మంచం దగ్గరికే తెచ్చింది. అంతా ప్రేమతోనే. కానీ గంగవ్వ కాళ్లు సన్నబడ్డాయి, ఆకలి చచ్చింది, నిద్ర కరువైంది. ఎవరైనా పలకరిస్తే జవాబు కోసం తడుముకునేది.

నిజామాబాద్ తీసుకుపోతే డాక్టరమ్మ మోకాలు వంచి చూసింది.

"నొప్పి కొంచెమే. కూర్చుని కూర్చుని కాళ్లలో బలం పోయింది. రోజూ మెల్లగా నడిపించండి. నలుగురిలోకి పోనివ్వండి," అని ఆశకు చెప్పింది.

సంగతి ఈరవ్వకు తెలిసింది. చెరుకు తోటల్లో గంగవ్వ పక్క సాలులో నరికిన మనిషి, వరసకు మరదలు. మరునాటి సాయంత్రమే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నడువు వదినె. కిరాణం దుకాణం దాంక పోయొద్దాం."

"పడితే ఎట్లనే?"

"పడితే లేపుత. నేను లేనా?"

ఆ రోజు సగం దారిలోనే గంగవ్వకు ఆయాసం వచ్చింది. ఒక అరుగు మీద కూలబడితే ఆ ఇంటి శంకరమ్మ చాయ్ ఇచ్చింది. ముగ్గురూ మాటల్లో పడి పొద్దుగూకిందని చూసుకోలేదు. ఆ తర్వాత గంగవ్వే ముందుగా చెప్పులేసుకుని ఈరవ్వ కోసం ఎదురుచూసేది. చలికాలం వచ్చేసరికి చర్చి దాకా నడుస్తోంది.

కోత పండుగకు పెద్దవాళ్లకు కుర్చీలాట పెడుతున్నారని అక్కడే విన్నది.

"నా పేరు రాయుండ్రి," అంది.

పక్కనే ఉన్న ఆశ అడ్డుపడింది. "అత్తమ్మా, ఉరుకుడు వద్దు."

"ఉరుకుత అని ఎవరన్నరు బిడ్డా? నడుస్త."

పండుగనాడు చర్చి ఆవరణ కిక్కిరిసింది. డప్పు మోగింది. అవ్వలు కుర్చీల చుట్టూ తిరగసాగారు. గంగవ్వ కొంగు నడుముకు చుట్టి, కుర్చీల వీపులు తడుముతూ నడిచింది. డప్పు ఆగింది, చటుక్కున కూర్చుంది. మళ్లీ మోగింది, మళ్లీ ఆగింది, మళ్లీ కుర్చీ దొరికింది. జనం ఈలలు వేశారు. వీడియో తీద్దామని ఫోన్ ఎత్తిన డేనియల్ బటన్ నొక్కడమే మరిచిపోయాడు.

చివరికి శంకరమ్మ, ఈరవ్వ, గంగవ్వ మిగిలారు. కుర్చీలు రెండే. డప్పు ఆగగానే శంకరమ్మ ఒకదాంట్లో కూర్చుంది. రెండోదాని మీదికి వదినా మరదళ్లు ఒకేసారి వంగారు. ఈరవ్వ నడుముతో ఒక్క తోపు తోసి కూర్చుంది.

"డప్పు ఆగకముందే కూసున్నది. నేను ఒప్పుకోను," అని గంగవ్వ డప్పు కొట్టేవాడి మీదికి పోయింది. ఆవరణ అంతా నవ్వింది. ఆమె గొంతు గేటు అవతలికి వినిపించింది.

ఆశ పరుగున వచ్చింది. "మోకాలు నొస్తుందా అత్తమ్మా?"

"మోకాలా? యాదికే లేదు. ముందు ఆట మళ్ల పెట్టమను."

మళ్లీ పెట్టలేదు. ఆ రాత్రి గంగవ్వ అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకుంది, పడుకోగానే నిద్రపోయింది. పొద్దున ఆశ చాయ్ తెచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. వీధిలో ఈరవ్వతో తోపు గురించిన పంచాయితీ అప్పటికే మొదలైంది.