పొయ్యి వెలగని రోజు గుప్పెడు

నేను ఒక పాలపొడి డబ్బాని. పాలపొడి అయిపోయి నలభై ఏళ్ళు కావస్తోంది కాబట్టి నిజానికి ఆ పేరు నాకిప్పుడు చెల్లదు. అయినా పుట్టినప్పటి పేరు ఎవరు వదులుకుంటారు? నా పొట్ట మీద ఒకప్పుడు గడ్డి మేస్తున్న ఆవు బొమ్మ ఉండేది. ఇప్పుడు కొమ్ములూ తోకా మిగిలాయి. మధ్యలో ఆవుని తుప్పు తినేసింది.

ఎక్కడో చలిదేశంలో రేకు చుట్టి నన్ను తయారుచేశారు. ఓడలో మద్రాసు వచ్చాను, అక్కణ్ణుంచి లారీలో గుంటూరు. ఒక మిషను ఆసుపత్రిలో బక్కచిక్కిన పిల్లలకి నాలోని పొడి కలిపి తాగించారు. నెల తిరక్కుండా ఖాళీ అయ్యాను. ఖాళీ డబ్బా అంటే మనుషులకి ఎంత చులకనో మీకు తెలియనిది కాదు. చెత్తకుప్పలోకి పోవలసినదాన్ని, దొరతమ్మ ఆపింది.

ఆవిడ అసలు పేరు డొరొతీ. సముద్రాలు దాటి ఈ ఊరికి మిషనరీగా వచ్చింది. అప్పటికి ముప్పై రెండేళ్ళది. పేట జనం నోళ్ళలో నాని నాని ఆ పేరు దొరతమ్మ అయింది. తెలుగు మాత్రం ఆవిడ పేటలో కాక చర్చిగుడిలో, బైబిలు వాక్యం చదివే తెలుగులోంచి నేర్చుకుంది. "ఓ మనుష్యుడా, నీ వంకాయలు లేతవియేనా?" అని బండివాణ్ణి అడిగేది. వాడు నవ్వు ఆపుకోలేక రెండు కాయలు ఎక్కువే వేసేవాడు.

ఇక్కడి క్రైస్తవ ఆడవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. పూటకి బియ్యం తీసుకున్నాక, కడిగేముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి దేవుడి పేరున విడిగా ఉంచుతారు. ఆదివారం గుడికి తీసుకెళ్ళి బుట్టలో పోస్తారు. అవి మిషను హాస్టలు పిల్లల అన్నానికి పోతాయి. ఆ గుప్పెడు బియ్యం కోసం దొరతమ్మ ఖాళీ డబ్బాలన్నీ కడిగించి ఇంటికొకటి పంచింది. నేను దీవెనమ్మ వంతుకి వచ్చాను.

దీవెనమ్మ మిర్చి యార్డులో కాయల తొడిమలు తీసే కూలి. ఎన్నిసార్లు కడిగినా ఆ వేళ్ళ ఘాటు పోయేది కాదు. ఆ చెయ్యి నాలోకి వచ్చినప్పుడల్లా నా రేకు చుర్రుమనేది. దొరతమ్మకి ఆవిడంటే ప్రాణం. వారానికి రెండుసార్లు మా ఇంటికి వచ్చి, పీట మీద కూర్చోవడం చేతకాక పక్కకి ఒరిగిపోతూ, గోంగూర పచ్చడి తిని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. "ఎందుకమ్మగారూ అంత కష్టపడి తినటం?" అని దీవెనమ్మ నవ్వేది. ఆ నవ్వులకోసమే తినేదని నా అనుమానం.

ఇక అసలు సంగతికి వస్తాను. అది నాకూ దీవెనమ్మకీ దేవుడికీ తప్ప తెలియని సంగతి.

కూలి దొరకని రోజులు ఉండేవి. ఆ రోజు పొయ్యి వెలగదు, గుప్పెడు తీయడానికి బియ్యం ఉండవు. నాలో మాత్రం ఆ వారం పోగైన గుప్పెళ్ళ బియ్యం ఉండేవి. తినడానికి దీవెనమ్మ వాటిని ముట్టుకునేది కాదు. కానీ దేవుడికి పెట్టకుండా రోజు గడిచిపోతుందే అని దిగులు. అందుకని నా మూత తీసి, నాలోంచే ఒక గుప్పెడు తీసి, కళ్ళు మూసుకుని, "ఇది ఈ రోజుది ప్రభువా" అని మళ్ళీ నాలోనే పోసేది. దేవుడికి ఈ మాయ తెలియదా అని నాకు నవ్వొచ్చేది. తరవాత తరవాత నవ్వు రావడం మానేసింది.

ఒకసారి ముసురు పట్టి నాలుగు రోజులు యార్డు మూసేశారు. మూడో రోజు మధ్యాహ్నం దీవెనమ్మ నా మూత తీసి గుప్పెడు పైకెత్తింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో గొడుగు మూస్తూ దొరతమ్మ.

"దీవెనమ్మా! అది దేవుని సొత్తు గదా!"

అంతే. తడిసిన గొడుగు మళ్ళీ విప్పుకుని వెళ్ళిపోయింది. దీవెనమ్మ గుప్పెడు గాలిలోనే ఉండిపోయింది. చాలాసేపటికి దాన్ని నాలో పోసింది. ఆ రోజు మాత్రం ప్రార్థన మాటలు రాలేదు.

ఆదివారం స్త్రీల సమాజంలో దొరతమ్మ, దేవుడికిచ్చినది వెనక్కి తీసుకునేవాళ్ళ గురించి మాట్లాడింది. పేరు చెప్పలేదు. కానీ చూపు దీవెనమ్మ మీద ఆగింది, చూపుతోపాటే అందరి తలలూ తిరిగాయి. మంచివాళ్ళకి కోపం వస్తే ఇదే చిక్కు. వాళ్ళకి ఎదురుచెప్పేవాళ్ళు ఉండరు.

దీవెనమ్మ నోరు విప్పలేదు. గుడికి వెళ్ళడం మానలేదు గాని చివరి వరసలో కూర్చునేది. నన్ను మాత్రం మళ్ళీ గుడికి తీసుకెళ్ళలేదు. రోజూ గుప్పెడు వేస్తూనే ఉంది. నేను నిండితే వీధిలో ఎవరి పొయ్యి వెలగలేదో చూసి, కొంగుచాటున నన్ను తీసుకెళ్ళి వాళ్ళింట్లో ఒంపి వచ్చేది. రెండేళ్ళకి దొరతమ్మ స్వదేశం వెళ్ళిపోయింది. పేటంతా పూలదండలతో స్టేషనుకి కదిలింది. దీవెనమ్మ ఆ పొద్దు యార్డులో తొడిమలు తీస్తూ కూర్చుంది.

ముప్పై ఆరేళ్ళు గడిచాయి. మట్టిల్లు డాబా అయింది, గ్యాసు పొయ్యి వచ్చింది, కోడలు సునీల వచ్చింది. మంచి పిల్లే గాని నేనంటే గిట్టదు. పాతసామాన్లవాడి కేక వినబడితే చాలు, "అత్తా, ఈ తుప్పు డబ్బా ఇచ్చేద్దాం, ఉల్లిపాయలన్నా వస్తయి" అనేది. "నేను పోయినాక ఇయ్యవే" అనేది దీవెనమ్మ. అందుకని ఆవిడ దగ్గినప్పుడల్లా నా గుండె జారేది.

మొన్న దొరతమ్మ వచ్చింది. డెబ్భై ఏళ్ళు దాటాయి, చేతికర్ర పట్టుకుంది. గుడిలో సభ చేసి శాలువా కప్పారట. ఆవిడ పాలపొడి తాగించిన పిల్లలు నెరిసిన జుట్లతో వచ్చి ఫోటోలు దిగారట. ఆవిడ మాత్రం, "దీవెనమ్మ సజీవురాలై యున్నదా?" అని అందర్నీ అడిగిందట. సునీల ఇంటికొచ్చి ఇదంతా చెప్పింది.

"నువ్వెందుకు రాలేదత్తా?"

"చూడాలనుంటే ఇల్లు ఇక్కడే గదా" అంది దీవెనమ్మ.

మర్నాడు మధ్యాహ్నం ఇంటిముందు ఆటో ఆగింది. దొరసాని భోజనానికి వస్తుందని పొద్దున్నే కబురు వస్తే, సునీల కంగారుపడి హోటలు నించి బిర్యానీ తెప్పించి పెట్టింది. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దొరతమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, దారి పొడుగునా కూడబలుక్కున్నట్టుంది, ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"దీవెనమ్మా, నేను నిన్ను నలుగురిలో అవమానపరచితిని. ఆకలిగొని ఒక పిడికెడు బియ్యము తీసికొన్న దానిని దోషిగా చేసితిని. తీసికొంటివే అనుకో, అది పాపమా? పాపము నాది. క్షమించుము."

పాపం, అంత దూరం నుంచి వచ్చి అదే ముల్లు మళ్ళీ గుచ్చింది. దీవెనమ్మ ముఖం మాడిపోయింది. నాకు నోరుంటే ఆ క్షణాన అరిచేదాన్ని. మూత మాత్రమే ఇచ్చారు నాకు.

"తినండి అమ్మగారూ, సల్లారిపోద్ది" అంది దీవెనమ్మ.

సునీల కంచాలు సర్దుతోంది. దీవెనమ్మ లేచి నేనుండే వంటగట్టు దగ్గరికి వచ్చింది. వంట లేని రోజు. బియ్యం కడగని రోజు. ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో ఇలాంటి రోజు రాలేదు. పాత అలవాటో, కావాలని చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా మూత తీసింది. చెయ్యి పెట్టి గుప్పెడు బియ్యం పైకెత్తింది.

కుర్చీలో దొరతమ్మ చూస్తోంది. నోరు తెరిచింది. కానీ ఈసారి మాట్లాడలేదు, లేవలేదు.

దీవెనమ్మ కళ్ళు మూసుకుంది. "ఇది ఈ రోజుది ప్రభువా" అని గుప్పెడూ మళ్ళీ నాలో పోసింది.

"ఇదేందత్తా, తీసి మళ్ళీ అందులోనే పోశావు?" అంది సునీల.

"పొయ్యి ఎలిగించని రోజు ఎట్టా మరి? బియ్యం లేని రోజుల్లో ఇట్టానే పెట్టేదాన్ని."

దొరతమ్మ కర్ర కిందపడింది. "ఆ దినమున కూడ... ఇదేనా?"

"ఇంకొక్క నిమిషం నిలబడుంటే చూసేవోళ్ళు అమ్మగారూ."

"ఏల చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ఇంట్లో మూడు రోజుల్నించీ పొయ్యి ఎలగలేదని చెప్పాలి గదా. మీరు మా ఇంట్లో కడుపునిండా తిన్నోళ్ళు. ఆ మాట మీకెట్టా చెప్పేది?"

దొరతమ్మ ఏడ్చింది. గోంగూర కన్నీళ్ళు కావవి. ఏడుస్తూనే గోడ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఈ పట్టణములో నాకు పొయ్యి లేదు. నేనును పెట్టవచ్చునా?" అని అడిగింది.

దీవెనమ్మ నన్ను ముందుకి జరిపింది. మొదటిసారిగా దొరతమ్మ చెయ్యి నాలోకి వచ్చింది. నన్ను పంచిన చెయ్యే గాని లోపలికి ఎన్నడూ రాలేదు. చల్లగా, తేలిగ్గా ఉంది. గుప్పెడు తీసింది గాని, సరిగ్గా ముడుచుకోని వేళ్ళ సందుల్లోంచి గింజలు జారిపోతున్నాయి. దీవెనమ్మ తన దోసిలి ఆ చేతికింద పట్టింది. గుప్పెట్లో మిగిలినవి దొరతమ్మా, దోసిట్లోకి జారినవి దీవెనమ్మా నాలో పోశారు.

"సగం కింద పోశారు. ఇంకోసారి పెట్టండి, దేవుడు ఒప్పుకోడు" అంది దీవెనమ్మ. దొరతమ్మ నవ్వింది, ముక్కు చీదుకుంటూ. గోంగూర పచ్చడి రోజుల నాటి నవ్వే అది. నాకు మహా సంతోషమయింది, దాచుకోవడం దేనికి?

బిర్యానీ చల్లారిపోయింది. చల్లారిందే తిన్నారు, సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకుంటూ.

మర్నాడు పొద్దున్నే వీధిలో పాతసామాన్లవాడి కేక వినబడింది. బండి మా గుమ్మం ముందే ఆగింది. "ఏందమ్మా, ఏవైనా ఉన్నయ్యా?" అని అరిచాడు. సునీల అప్పుడే చేటలో బియ్యం తీసుకుని, కడగబోతూ ఆగి, నా మూత తీసింది.

"ఏం లేవు, పో" అంది.