బ్యూగుల్ మోగగానే రవ్వ

“ఉప్మా చల్లారితే అమరవీరులకి అవమానమే” అన్నాడు మా ఆయన బాలనర్సయ్య, నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో బూట్ల పాలిష్ కొంటూ. మా ఇంట్లో అవమానాలకేం కొదవ లేదు గాని, ఉప్మాకి కూడా ఒకటి కేటాయించారని అప్పుడే తెలిసింది.

తుర్కయంజాల్ దాటాక ఉన్న సైనిక పాఠశాలకి ఆయన పూర్వ విద్యార్థి. నేను అపూర్వ వంటమనిషిని. ఏటా ఒక పొద్దున, సరిహద్దుల్లో పోయిన పాత విద్యార్థుల కోసం బ్యూగుల్ ఊదుతారు. పేర్లు చదువుతారు, రాతి మీద చెక్కిన ఒక్కో పేరు కిందా ఇంటివాళ్లు పూలు పెడతారు. రెండు నిమిషాల మౌనం. మళ్లీ బ్యూగుల్. అవ్వగానే రెండు వందల మందికి పొగలు కక్కే ఉప్మా. కాబట్టి గోడవతల షామియానా కింద ఎసరు మరిగిస్తూ నేను కాచుకుంటాను. మొదటి బ్యూగుల్ మోగగానే రవ్వ పొయ్యాలి. పదకొండేళ్లుగా ఆ రాగం నాకు జబ్బనొప్పిగానే తెలుసు.

ఆ పేర్లలో జానయ్య మా అన్న. సెలవులకి నల్గొండ వచ్చినప్పుడల్లా పిడికిలి మూతికి పెట్టుకుని, నా చెవిలో బ్యూగుల్ ఊది నిద్ర లేపేవాడు. అమ్మానాన్నలు పోయాక అన్నకి పూలు పెట్టేది మా ఆయనే. క్లాస్‌మేట్, పైగా బావ. చెల్లెలు ఉప్మా దగ్గర.

“ఈసారి పూలు నేను పెడ్త” అన్నాను, తిరిగొస్తూ ఎల్బీనగర్ చౌరస్తాలో బండి ఆగినప్పుడు.

“నువ్వు పెట్టినా నేను పెట్టినా ఒక్కటేనే.”

“ఒక్కటే అయితే ఉప్మా నువ్వు చెయ్యి.”

“పాగల్ లెక్క మాట్లాడకు. అమ్మ విన్నదనుకో...”

మా అత్త అంజమ్మ వినక్కర్లేదు, పెళ్లయిన ఏడాదే తేల్చేసింది: “పుస్తె పడ్డంక అన్న పేరేందే? మొగని పేరు చెప్పుకోవాలె.” చెప్పుకుంటూనే ఉన్నాను. ఆ పాఠశాలలో నేను బాలనర్సయ్య మిసెస్‌ని. మిసెస్ అంటే, అన్నిటికీ మిస్సయ్యేదని అర్థం కాబోలు.

ఇవాళ బ్యూగుల్ మోగింది. రవ్వ పోశాను. కలుపుతున్నాను. మైకులో ఏటా పేర్లు చదివే రామారావు సార్ గొంతు. మొదటి పేరు. రెండో పేరు. చెయ్యి తిరుగుతూనే ఉంది. “కెప్టెన్ జానయ్య.”

చెయ్యి ఆగింది. కాళ్లు కదిలాయి. గంటె చేతిలోనే ఉందని గోడ దాటాక గాని చూసుకోలేదు.

“అమ్మా, టిఫిన్‌కి ఇంకా టైముంది” అన్నాడు రామారావు సార్, మైకులోనే.

“టిఫిన్ కాదు సార్. నేను జానయ్య చెల్లెను.”

మా ఆయన చేతిలోని పూలు పట్టుకున్నాను. ఆయన వదల్లేదు. “ఇజ్జత్ తీస్తున్నవ్” అన్నాడు పళ్ల మధ్య నుంచి. నేనూ వదల్లేదు. నాలుగు రేకులు రాలాయి. రెండు వందల జతల కళ్లు చూస్తున్నాయి. వదిలాడు.

అన్న పేరు కింద పూలు పెట్టాను. రాయి చల్లగా ఉంది. మిగతా పేర్లూ అయ్యాయి. నేను వెనక్కి పోలేదు.

“సావధాన్!”

మౌనం మొదలైంది. ముక్కులు మాత్రం మౌనం పాటించవు. గోడవతల నుంచి వాసన మెల్లగా వచ్చింది. వరసలన్నిటికీ అందింది. రిటైరైన కల్నళ్లు, మేజర్లు, ఒక్కరూ కదలడానికి లేదు.

“మాడుతున్నదే” అన్నాడు మా ఆయన, పెదవులు కదపకుండా.

నేనూ కదపలేదు.

“మాడనియ్యి.”