కుడికాలి చెప్పు

కుడికాలి చెప్పు విడిచి షెడ్డు గుమ్మం పక్కన గోడవారగా పెట్టి, ఎడమకాలి చెప్పుతోనే బండెక్కాడు ఒంటిచెప్పు మేస్త్రి. బ్రేకు సంగతి చూడాలంటే పాదానికీ పెడలుకీ మధ్య ఏదీ అడ్డం ఉండకూడదని ఆయన పట్టుదల. క్లచ్ కాలికి ఆ మర్యాద అక్కర్లేదు. అందుకే ఏ జత కొన్నా ఎడమది అరిగి రేకులా పలచబడిపోయేది, కుడిది మాత్రం కొట్లోంచి మొన్ననే తెచ్చినట్టుండేది. ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు ఆ వీధిలో తక్కువ. తెలిసినవాళ్ళు కూడా ఆ పేరుతో పిలవరు.

"పోయిన వారమే కదా మేస్త్రి గారూ, బ్రేకులకి కొత్త డిస్కులు వేశారు?" అంటూ అద్దాల ఆవిడ పక్క సీటులో కూర్చుంది. కిటికీలకి అద్దాలు కోసి అమ్మే కొట్టు ఆవిడది. ఆ పాత పికప్ వెనక తొట్టిలో కర్ర చట్రానికి ఆనించి కట్టిన అద్దాలు నిలువుగా ఉన్నాయి. "బ్రేకు వేస్తే చాలు, పళ్ళు కొరుకుతున్నాయి ఈ అద్దాలు. నిన్న ఒకటి బీటలేసింది కూడా."

"చూద్దాం అమ్మా," అన్నాడు మేస్త్రి, ఆవిడ ముఖం చూడకుండా.

వంతెన దిగే వాలులో బండిని కాస్త పరుగెత్తనిచ్చి బ్రేకు తొక్కాడు. పెడలు అరికాలి కింద టపటపా కొట్టుకుంది. చేతుల్లో స్టీరింగు ఊగింది. వెనక అద్దాలు గలగలలాడాయి. మళ్ళీ వేగం అందుకుని, ఈసారి పెడలు ముట్టుకోకుండా హ్యాండ్‌బ్రేకు మెల్లగా లాగాడు. ఆ బండిలో అది వెనక చక్రాలనే పట్టుకుంటుంది. బండి నెమ్మదించింది గానీ అద్దాలు కిక్కురుమనలేదు. అంటే వెనక బ్రేకు డ్రమ్ములు బాగానే ఉన్నాయి, జబ్బు ముందు చక్రాల్లోనే ఉంది.

మరొకప్పుడైతే ఇంతటితో ఈల వేసుకుంటూ వెనక్కి తిప్పేవాడు. ఈ రోజు ఈల రాలేదు. పోయిన వారం బండి అప్పగించే ముందు కూడా ఇదే వాలులో అరికాలికి ఈ వణుకు లీలగా తగిలింది. అప్పుడు తొట్టి ఖాళీ, అద్దాల సాక్ష్యం లేదు. ఇది బండిది కాదు, నా కాలిదే అనుకుని, నోరు మెదపకుండా తాళాలు ఆవిడ చేతిలో పెట్టేశాడు.

కొన్నాళ్ళుగా కుడికాలు ఆయన మాట వినడం లేదు. భోజనానికి కూర్చుంటే మోకాలు దానంతటది ఆడేది. "ఏమిటా కాలు ఊపడం, చిన్నపిల్లాడిలా!" అని భార్య కసిరితే, కావాలనే చేస్తున్నట్టు ఇంకాస్త ఊపేవాడు. కదులుతూ ఉంటే వణుకు కనపడదని షెడ్డులో కూర్చోవడమే మానేశాడు. కాలు కాలిన పిల్లిలా రోజంతా అటూ ఇటూ తిరుగుతుంటే, మేస్త్రికి ఈ వయసులో హుషారు ఎక్కువైందని చుట్టుపక్కల కొట్లవాళ్ళు నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు.

ఇంజిన్లు ఆయనకన్నా బాగా విప్పేవాళ్ళు ఆ వీధిలోనే ఉన్నారు. ఆయనకున్నదల్లా పాదం. అది చెప్పే మాట మీద తనకే నమ్మకం పోతే ఇక తన పని అయిపోయినట్టే. పోయిన వారం అరికాలికి తగిలిన వణుకు బండిదా, తనదా? బండిని షెడ్డు వైపు తిప్పాడు.

షెడ్డులో బామ్మర్ది చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. భార్యకి తమ్ముడు, షెడ్డులో సగం వాటాదారు.

"డిస్కులు కొత్తవి, ప్యాడ్లు కొత్తవి. ఇంకేముంటుంది బావా?"

"ఏదో ఉంది."

"డయల్ పెట్టి చూద్దామా?" అన్నాడు బామ్మర్ది, తిట్లు తినడానికి సిద్ధపడి.

గుండ్రటి ముఖం, సన్నటి ముల్లు ఉన్న ఆ డయల్‌ని బామ్మర్ది ఆ మధ్య ఎవరూ అడగకుండానే కొనుక్కొచ్చాడు. చక్రం వెంట్రుకవాసి వంకరగా తిరిగినా ముల్లు పట్టిస్తుంది. "గోడకి తగిలించు, టైమైనా చూపిస్తుందేమో," అని మేస్త్రి దాన్ని అప్పుడే ఆడిపోసుకున్నాడు. ఆ తర్వాత అది డబ్బాలోంచి బయటికి రాలేదు.

"పెట్టు," అన్నాడు మేస్త్రి.

బామ్మర్ది ఒక్క క్షణం తెల్లబోయి, జాకీ ఎత్తాడు. కుడి చక్రం విప్పి, డిస్కు కదలకుండా నట్లు మళ్ళీ బిగించి, డయల్ మొన దానికి ఆనించి తిప్పాడు. ముల్లు నిద్రపోయింది. ఎడమ వైపు పెట్టి తిప్పాడు. ప్రతి చుట్టులోనూ ఒకే చోట ముల్లు ఉలిక్కిపడినట్టు గెంతింది.

"వణుకుతోంది! చూశావా, వణుకుతోంది!" మేస్త్రి కేకకి రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

"దానికింత సంబరమేంటి బావా?"

సంబరమే మరి. ముల్లుకి కాళ్ళు లేవు, దానికి జబ్బులు రావు. బండే వణికింది. పోయిన వారం పాదం నిజమే చెప్పింది, తనే నమ్మలేదు. మేస్త్రికి బామ్మర్దిని కౌగిలించుకోవాలనిపించింది. చేతులకి గ్రీజు ఉందని మానుకున్నాడు.

డిస్కు లాగి చూస్తే దాని వెనక, చక్రం బిగించే హబ్బు మీద, గోరంత మందమైనా లేని తుప్పు పెచ్చు ఒకటి ఉంది. దాని మీద కూర్చుని కొత్త డిస్కు ఓ పక్కకి ఒరిగింది. దాన్ని చూడగానే మేస్త్రి సంబరం చప్పున చల్లారింది. డిస్కు వేసే ముందు అక్కడ మెరిసేదాకా గీకడం ఆయన పనే. పోయిన వారం గొంతుక్కూర్చుని గీకుతుంటే మోకాలు గడగడలాడింది. బామ్మర్ది అడుగుల చప్పుడు విని గబుక్కున లేచి, ఉన్నదాని మీదే డిస్కు తగిలించేశాడు.

"నేనే సరిగ్గా గీకలేదు," అన్నాడు.

బామ్మర్ది ఎందుకని అడగలేదు. "ఇటివ్వు బావా," అని తీగ బ్రష్షు అందుకోబోయాడు. మేస్త్రి ఇవ్వలేదు. మోకాలు నేలకేసి గట్టిగా అదిమి, ఇనుము తెల్లగా మెరిసేదాకా తనే గీకాడు. వాడుక కొద్ది రోజులదే కాబట్టి డిస్కు ఇంకా చెడలేదు. బామ్మర్ది దాన్ని కూర్చోబెట్టి, ఒకదానికొకటి ఎదురుగా ఉన్న నట్లని మార్చి మార్చి బిగించి, డయల్ పెట్టి తిప్పాడు. ముల్లు కదిలీ కదలనట్టుంది.

మేస్త్రి మళ్ళీ కుడి చెప్పు గోడవారగా విడిచి బండెక్కాడు. అద్దాల ఆవిడ పక్కన కూర్చుంది. ఈసారి ఈల కూడా వేశాడు.

వాలు రాగానే బ్రేకు తొక్కాడు. అరికాలి కింద వణుకు.

ఇంకా గట్టిగా తొక్కాడు. వణుకు అలాగే ఉంది.

"ఒక్క చప్పుడు లేదు మేస్త్రి గారూ!" అంది అద్దాల ఆవిడ, వెనక్కి తిరిగి చూస్తూ.

నిజమే, లేదు. స్టీరింగు చేతుల్లో బుద్ధిగా ఉంది. మేస్త్రి బండి తిప్పి వంతెన ఎక్కించి మళ్ళీ దిగాడు. అద్దాలు పలకలేదు, పాదం ఆగలేదు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ దిగాడు. ఒక్క అద్దమైనా గల్లుమంటే బాగుండునని దొంగలా చెవులు రిక్కించాడు.

"బాగయింది కదా, ఇంకా ఎందుకండీ?"

రోడ్డు పక్కకి తీసి ఆపాడు. బండి ఆగిపోయింది, చక్రాలు ఆగిపోయాయి. పెడలు మీద పాదం ఆడుతూనే ఉంది. బామ్మర్ది డయల్ ఎందుకు కొన్నాడో ఆయనకి అప్పుడు అర్థమైంది. కాలు వణకడం వాడు ఎప్పుడో చూశాడు. చూసి, బావని ఒక్క మాట అనలేక, కొట్టుకెళ్ళి దాన్ని కొనుక్కొచ్చాడు. అలాంటివాణ్ణి ఇన్నాళ్ళూ వెక్కిరించినందుకు మేస్త్రికి సిగ్గేసింది, కళ్ళు చెమర్చాయి.

"బండి బాగుపడిందమ్మా. మీరిటు వచ్చి నడపండి. నన్ను మా ఇంటి దగ్గర దింపేద్దురు గానీ."

"ఇంత పొద్దుండగానే ఇంటికా?"

"అవునమ్మా. మా బామ్మర్దికి ఓ మాట చెప్పండి. ఇకనుంచీ బ్రేకులు వాడే చూసుకుంటాడు. డయల్ మంచిది కొన్నాడని కూడా చెప్పండి."

సీట్లు మారారు. ఎన్నాళ్ళ తర్వాతో ఆయన కాలుని అదిమిపెట్టకుండా, దాని ఇష్టానికి వదిలేశాడు.

ఆవిడ గేరు మార్చబోతూ చూసి, చెయ్యి ఆపింది. "ఆ కాలు..."

"నాదేనమ్మా. బండిది కాదు."

ఆవిడ మెల్లగా గేరు వేసి బండి పోనిచ్చింది. సందు మలుపు దగ్గర ఆవిడే, "మీ చెప్పు అక్కడే ఉండిపోయినట్టుంది. వెనక్కి తిప్పనా?" అంది.

మేస్త్రి కిందికి చూసుకున్నాడు. "వద్దు, పోనివ్వండి," అన్నాడు.

షెడ్డు గుమ్మం పక్కన, గోడవారగా, కుడికాలి చెప్పు ఒక్కటే ఉంది, బొటనవేలి పట్టీ మీద కొన్ననాటి మెరుపైనా పోకుండా, రోడ్డు వైపు తిరిగి.