కార్టూను పాటకు వన్స్‌మోర్

నేను ఒక హార్మోనియాన్ని. ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో తిత్తి కొడుతూ ఇంకో చేత్తో వాయించే భజన పెట్టెను కాదు సుమా. కుర్చీ వేసుకుని కూర్చుని రెండు కాళ్ళతో తొక్కే నాటకాల హార్మోనియాన్ని. ఈ తేడా ముందే చెప్పుకోకపోతే నాకు మనసొప్పదు. కాస్త గీర ఉందనుకున్నా సరే.

పుట్టింది విజయవాడలో, ఒక వాద్యాల కొట్టు వెనక రేకుల షెడ్డులో. టేకు చెక్కతో ఒళ్ళు, తోలుతో తిత్తి, ఇత్తడి రీడ్లతో గొంతు. నన్ను చేసినాయన ఒక్కో రీడునూ గీకి, మీటి, చెవి దగ్గర పెట్టుకుని, నచ్చక మళ్ళీ గీకి, భార్య భోజనానికి పిలిస్తే విసుక్కుని, మొత్తానికి నాకు మాట తెప్పించాడు. అన్నం చల్లారిపోతోందని ఆవిడ నన్ను తిట్టిన తిట్లే ఈ లోకంలో నేను విన్న మొదటి సంగీతం.

మొదట నన్ను కొన్నది తెనాలి దగ్గర ఒక రైసుమిల్లు యజమాని. ఆ రోజుల్లో పెళ్ళిచూపుల్లో అమ్మాయి హార్మోనియం ముందు కూర్చుంటే ఆ ఇంటికి గౌరవం. ఆయన కూతురు ఒకే ఒక్క కీర్తన నేర్చుకుంది. వచ్చిన ప్రతి పెళ్ళికొడుకు ముందూ దాన్నే వాయించింది. సంబంధం కుదిరిన రోజున నా మూత వేసింది, మళ్ళీ తియ్యలేదు. నన్ను మిల్లులో బియ్యం బస్తాల మధ్యకు చేర్చారు. అక్కడ ఎలుకలు మాత్రం నన్ను బాగా వాడుకున్నాయి.

ఆ ఎలుకల కాపురం మధ్య నుంచి నన్ను పైకి లేపినవాడు రేపల్లె ముక్తేశ్వరం. పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తాడు. మనిషి బక్కగా, నెమ్మదిగా ఉంటాడు, నా దగ్గర కూర్చుంటే తప్ప నోరు విప్పడు. అతని ప్రాణస్నేహితుడు సోమలింగం రాజు వేషానికి పెట్టింది పేరు. మంచి ఒడ్డూ పొడుగూ, ముక్కు మీద కోపం, ఆకాశాన్ని తాకే గొంతు. నాటకం ఎక్కడున్నా ఇద్దరూ ఒకే ఎడ్లబండిలోనో, ఆ తరువాతి కాలంలో ఒకే ఆటోలోనో వెళ్ళేవాళ్ళు. మధ్యలో నేను.

పద్యనాటకం చూడని పిల్లల కోసం ఒక మాట చెప్పాలి. నటుడు పద్యం పాడి చివర రాగం తీస్తాడు. అది ఎంత పైకి వెళితే, ఎంతసేపు నిలబడితే అంత గొప్ప. జనానికి నచ్చితే 'వన్స్‌మోర్' అని అరుస్తారు. అరిచారంటే కథ అక్కడ ఆగాల్సిందే. చచ్చి పడున్న రాజైనా సరే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే.

ఇందులో జనానికి తెలియని కిటుకు ఒకటుంది. ఎంతటివాడి ఊపిరికైనా హద్దుంది. సోమలింగం గొంతు పైకి వెళ్ళి ఇక తెగుతుందనిపించే చోట, ముక్తేశ్వరం అదే స్వరాన్ని నా మీద పట్టుకుని నిలబెడతాడు. సోమలింగం నోరు తెరిచే ఉంచి, చెయ్యి ఎత్తే ఉంచి, ఆ చాటున ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకుంటాడు. అతుకు ఎవరికీ తెలియదు. ఏళ్ళు గడిచేసరికి సోమలింగానికీ తెలియడం మానేసింది. తన ఊపిరే అంత పొడుగని నమ్మేశాడు. కిరీటం దించాక కూడా తలకెక్కిన చప్పట్లు దిగేవి కావు. ముక్తేశ్వరం మాత్రం నా మూత వేసి, గుడ్డ కప్పి, బీడీ వెలిగించుకునేవాడు. నాకు ఒళ్ళు మండేది. అతనికి మండేది కాదు.

ఇక జోషిత సంగతి. ముక్తేశ్వరం మనవరాలు. బడి నుంచి రాగానే సంచి గిరాటేసి టీవీ ముందు చేరేది. జపాను బొమ్మల సీరియల్ ఒకటి వచ్చేది అప్పుడు. జుట్టు నిక్కబొడుచుకున్న పిల్లలు, గిన్నెలంత కళ్ళు, ఎప్పుడు చూసినా ఎక్కడికో పరుగు. కథ మొదలయ్యే ముందు నిమిషమున్నర పాట. ఆ పాటంటే జోషిత చెవి కోసుకునేది.

"తాతా, పాట అయ్యేదాకా మాట్లాడబాక. మంచినీళ్ళు కూడా తాగబాక, గ్లాసు చప్పుడవుద్ది."

"కథ కోసం గదటే కూర్చుంది? పాట రోజూ అదే గదా?"

"పాట లేకపోతే కథలోకి ఎట్టా ఎళ్తాం?"

మొదట్లో ఆ పాట ముక్తేశ్వరానికి పళ్ళెం కింద పడ్డట్టే ఉండేది. వారం తిరిగేసరికి, పాట మొదలవగానే చేతిలో పేపరు దించడం మొదలుపెట్టాడు. ఒక రోజు టీవీ కట్టేశాక మెల్లగా నా దగ్గరకొచ్చి, ఒంటి వేలితో ఆ పాటను వెతికాడు. ఎన్నో రాగాలు నా మెట్ల మీద నడిచాయి గానీ, ఇలాంటి నడక నాకు కొత్త. మోహన రాగంలా చక్కగా బయలుదేరింది. మన వీధే కదా అనుకునేలోగా మోహనలో లేని స్వరమొకటి తొంగిచూసి తప్పుకుంది. పైకి ఉషారుగా పరుగు, లోపల ఎక్కడో దిగులు. మా నాటకాల్లో రాజు ఏడిస్తే ఏడుస్తూ పాడతాడు, విదూషకుడు నవ్వుతూ పాడతాడు. నవ్వుతూ పాడి కళ్ళనీళ్ళు తెప్పించే ఈ విద్య మాకు రాదు. ఆ పాట నాకు నచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా నచ్చింది.

"దాంట్లో ఒక్క ముక్కయినా అర్థమవుద్దా నీకు?" అని మనవరాల్ని అడిగాడు.

"అర్థం కాదు. ఏడుపు మాత్రం వచ్చుద్ది."

ముక్తేశ్వరం చాలాసేపు నవ్వాడు. బారెడు సమాసాల పద్యాలకు ముక్క అర్థం కాకుండా కళ్ళు తుడుచుకునే జనాన్ని అతను జీవితమంతా చూశాడు మరి. ఆ తరువాత ఇంకొకటి గమనించాడు. పాట పై స్థాయికి దూకబోయే ముందు వాద్యాలన్నీ ఒక్క క్షణం టక్కున ఆగిపోయేవి. పాడేవాడు ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించేది. అప్పుడు దూకేవాడు. "దాచలేదు చూశావటే," అన్నాడు జోషితతో. "ఊపిరి తీసుకోవడం గూడా పాటలో కలిపేశారు."

ఆ సంవత్సరం తెనాలిలో నాటక పోటీలు జరిగాయి. జోషిత కూడా వచ్చి, ముందు పరిచిన పట్టాల మీద పిల్లల గుంపులో కూర్చుంది. మొదటి అంకంలో సోమలింగం పద్యానికి వన్స్‌మోర్ రానే వచ్చింది. రెండో అంకానికి ముందు తెర దిగింది, దిగింది లేవదు. లోపల రాజుగారి మీసం అంటుకోవడం లేదు. తెర వెనక ఆలస్యమైతే జనం లేచిపోకుండా కూర్చోబెట్టే పూచీ హార్మోనియం వాడిది. ముక్తేశ్వరం వచ్చినవన్నీ వాయించాడు. వెనక వరసలు పల్చబడుతున్నాయి. ఏం తోచక, వేళ్ళు ఎటు పోతే అటు వదిలేశాడు. అవి నేరుగా జపాను వెళ్ళాయి.

పట్టాల మీద పిల్లలు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆ భాష వాళ్ళలో ఒక్కడికీ రాదు, పాట మాత్రం అందరికీ నోటికి వచ్చు. గొంతెత్తి పాడారు. టీ కోసం లేచినవాళ్ళు వెనక్కి తిరిగారు. పాట అయ్యీ అవగానే ఎవరో "వన్స్‌మోర్!" అన్నారు, పందిరంతా అందుకుంది.

లోపల సోమలింగం చెవిన ఆ మాట పడింది. జీవితమంతా ఆ మాట తనకు తప్ప ఇంకొకరికి అనగా విని ఎరగడు. కాళ్ళు వాటంతటవే కదిలాయి. సగం మీసంతో తెర చీల్చుకుని బయటకొచ్చి, జనానికి దణ్ణం పెట్టి, చెయ్యెత్తి, మొదటి అంకంలోని పద్యం ఎత్తుకుని రాగంలోకి వెళ్ళిపోయాడు.

"మీకు కాదండీ, కార్టూను పాటకి!" అని అరిచాడు ముందు వరసలో ఒకడు.

పందిరి పగలబడి నవ్వింది. ముక్తేశ్వరం బిత్తరపోయి చేతులు వెనక్కి తీసుకున్నాడు. రాగం పైన ఉంది, కింద నేను లేను. సోమలింగం ఊపిరి పుటుక్కున తెగింది. అందరికీ వినబడింది, అందరికన్నా ముందు అతనికే వినబడింది. ఎత్తిన చెయ్యి దించడం కూడా మరిచిపోయి అలాగే లోపలికి వెళ్ళాడు. మిగిలిన నాటకం ముక్తసరిగా ముగించాడు.

"నా వన్స్‌మోర్ పట్టుకెళ్ళి బొమ్మలాటకిచ్చావు," అన్నాడు రంగు కడుక్కుంటూ. "నలుగుర్లో నన్ను వదిలేశావు. ఇక నీ పెట్టెకీ నాకూ సరి."

"ఒరే, నేను కావాలని..."

"సరి అన్నాను గదరా!"

ఆ పూట మొదటిసారి వాళ్ళు రెండు ఆటోల్లో ఇంటికి వెళ్ళారు.

సోమలింగం ఎలక్ట్రిక్ కీబోర్డు కుర్రాణ్ణి పెట్టుకున్నాడు. ముక్తేశ్వరం నా మీద గుడ్డ కప్పి ఇక తియ్యలేదు. టీవీలో జోషిత పాట వస్తుంటే పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. వేరే నాటక సమాజాలవాళ్ళు పిలవకపోలేదు, ఇతనే పోలేదు. నాటకం లేదని కాదు అతని బెంగ. సోమలింగం లేడని. ఎన్నేళ్ళో ఒకరి ఊపిరితో ఇంకొకరు బతికి, ముసలితనంలో విడిపోతే అది ఎలాంటి దిగులో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. చెప్పుకుందామంటే తొక్కేవాడు లేడు.

కబుర్లు మాత్రం వస్తుండేవి. కుర్రాడు బాగానే వాయిస్తున్నాడట, కానీ తన మెట్లే చూసుకుంటాడు గాని ఊపిరి అయిపోతోందని చెప్పే పాడేవాడి మెడ నరం చూడడట. బాపట్లలో సోమలింగం రాగం నడిమధ్యలో తెగిందట. పొన్నూరులోనూ అంతేనట. వన్స్‌మోర్ మాట దేవుడెరుగు, జనం దగ్గుతున్నారట. ఇక వేషం కట్టనని అంటున్నాడట. టీకొట్టులో ఈ మాట చెప్పినవాడు ముక్తేశ్వరం సంతోషిస్తాడనుకున్నాడు. ఆ రోజు ముక్తేశ్వరానికి అన్నం సయించలేదు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం సోమలింగం గుమ్మంలోకి వచ్చాడు. ఇస్త్రీ లాల్చీ, గంభీరమైన ముఖం. దారి పొడుగునా ఏదో పెద్ద మాట తయారు చేసుకుని వచ్చినట్టున్నాడు, గొంతు సవరించుకున్నాడు. అప్పుడే టీవీలో పాట మొదలైంది.

"పాట అయ్యేదాకా ఆగు తాతయ్యా," అంది జోషిత వెనక్కి తిరక్కుండానే.

ఎందరో మంత్రుల్నీ సేనాపతుల్నీ గద్దించిన మనిషి, ఒక చెప్పు విప్పి, రెండోది విప్పబోతూ అలాగే నిలబడిపోయాడు. పెరట్లోంచి వచ్చిన ముక్తేశ్వరం వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఇద్దరి మధ్యా ఆ పాట ఒక్కటే. గుడ్డకు చిన్న చిరుగు ఉండబట్టి నేను అన్నీ చూశాను. మొదట సోమలింగం మొహం చిట్లించాడు. తరువాత తల కాస్త వంచాడు. పాట మెట్టు మెట్టుగా ఎక్కింది, టక్కున ఆగింది, ఊపిరి చప్పుడు వినిపించింది, ఒక్క ఉదుటున పైకి లేచింది. సోమలింగం కళ్ళు తడయ్యాయి.

"ఇప్పుడు మాట్లాడుకోండి," అంది జోషిత.

తెచ్చుకున్న పెద్ద మాట ఎక్కడ పోయిందో ఏమో, సోమలింగం చెప్పింది అది కాదు.

"ఆ పాడినోడికి హార్మోనియం ఎవడురా?"

"జపానోళ్ళ పాటలకి హార్మోనియం ఉండదురా," అన్నాడు ముక్తేశ్వరం.

"ఉంటది. అంత పైకెళ్ళినా ఊపిరి తెగలేదంటే పక్కన ఎవడో కూర్చున్నాడు. వాడి పేరు ఎవరికీ తెలవదు. వాడి పక్కన పాడినోడికి గూడా తెలవదు. తెలిసేసరికి ముసలోళ్ళమైపోయాం."

ముక్తేశ్వరం వచ్చి నా మీది గుడ్డ తీశాడు, కుర్చీ జరుపుకున్నాడు. సోమలింగం రెండో చెప్పు విప్పి లోపలికొచ్చి, నా పక్కన చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఆ పాటే పట్టు," అన్నాడు. "నేనెక్కడ ఊపిరి తీసుకోవాలో నువ్వే చెప్పు."

ముక్తేశ్వరం కాళ్ళు ఆనించి తొక్కాడు. నెలల దుమ్ముతో సహా నేను గాలి పీల్చుకున్నాను.