ఐదో పేరు

"పొట్ట బిగించకండి," అంది అనిత.

"నువ్వు చెయ్యి వణకనీకు ముందు," అన్నాడు ఆమె మొగుడు రమణ, బనీను అంచు పళ్ళతో పట్టుకుని.

తెల్లవారి ఐదున్నర. వంటింట్లో ఇడ్లీలు ఉడుకుతున్నాయి. అత్తగారు అప్పాయమ్మ కాఫీ కోసం రెండుసార్లు దగ్గింది. అనిత ఇంకా మొహం కడుక్కోలేదు. అమలాపురం ఆసుపత్రిలో ఎనిమిదింటికి నర్సు డ్యూటీ. రాజోలు నుంచి వచ్చే బస్సు ఏడింటికి. ఈలోపు అరుగు మీద చొక్కాలెత్తి కూర్చునే మరో ముగ్గురు రొయ్యల చెరువుల ఆసాములకి కూడా ఆమే సూది పొడవాలి. పరగడుపున, రోజూ. ఆ తర్వాత అరగంటాగి వాళ్ళకి టీ కూడా ఆమే పెట్టాలి.

రెండు నెలల కిందట మొదలైంది ఈ పిచ్చి. నలభై ఎనిమిదేళ్ళొచ్చి, చెరువు గట్టెక్కితే ఆయాసం వస్తోందని రమణ ఫోనులో ఏదో వీడియో చూశాడు. పెప్టైడ్ అట. బయటి హార్మోను కాదట, తలలోని గ్రంథిని తట్టిలేపి ఒంట్లో సొంత గ్రోత్ హార్మోనే ఊరేలా చేస్తుందట. హైదరాబాదులో ఒక క్లినిక్కు డాక్టరు వీడియో కాల్లో చూసి చీటీ రాస్తాడు. మందు మనిషి పేరున కలిపి, సీసాల్లో పోసి, ఐసు పెట్టెలో పంపిస్తారు. ఐదుగురుంటేనే లాటు పంపుతారు. రొయ్యపిల్లని నలుగురూ కలిసి ఒకే ట్యాంకులో తెప్పించుకునే అలవాటున్న వాళ్ళకి అది తేలిగ్గా కుదిరింది. ఫారంలో పొడవడానికి నర్సు ఎవరన్న గడిలో అనిత పేరు రాసేశారు. ఆమెని అడగలేదు. అడగడానికేముంది, ఇంట్లో మనిషేగా.

పది రోజులకి కండ కనపళ్ళేదని డోసు రెట్టింపు చెయ్యమన్నారు. "రొయ్య ఎదక్కపోతే మేత పెంచమా?" అన్నాడు రమణ. ఇది చెరువు కాదండీ, చక్కెర పెరుగుద్ది, కీళ్ళు వాస్తాయి అంది అనిత. "నువ్వు నర్సువి. డాక్టరువి కాదు." అంతే. ఆమె పెంచలేదు. లాటులో ఐదోవాడు మాణిక్యాలరావు మాత్రం సాయంత్రాలు తనే ఇంకోటి పొడుచుకుని, పాదాలు బూరెల్లా వాచి మానేశాడు. ఆ పాపం ఎవరిది? "అనితమ్మ చెయ్యి నాకు పడలేదండి," అన్నాడు అరుగు మీద అందరి ముందూ. రమణ నవ్వాడు.

వార్డులో సెలైను మారుస్తుండగా ఫోను మోగింది. కొత్త నంబరు.

"అనితగారాండీ? క్లినిక్కు నుంచండి. మీ ఫారం డాక్టరుగారు చూసేరు. ఒక్కటే కన్‌ఫర్మ్ చేసుకోవాలండి. గతంలో క్యాన్సర్ లాంటిదేమీ లేదు కదండీ?"

సెలైను గొట్టం ఆమె వేళ్ళ మధ్య ఆగిపోయింది. "ఏ ఫారమండీ?"

"మీరు సంతకం పెట్టి పంపిందేనండి. ఐదో పేషెంటుగా."

"ఓసారి నాకు పంపండి. సాయంత్రం చెప్తాను."

ఫోనులోకి వచ్చింది. పేరు, వయసు నలభై రెండు. క్యాన్సర్ ఎప్పుడైనా ఉందా అన్న ప్రశ్న పక్కన 'లేదు' అన్న గడిలో టిక్కు. కింద అనిత అని సంతకం, రమణ చేతిరాతలో.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించింది. మూడేళ్ళ కిందట కాకినాడలో ఎడమ రొమ్ము తీసేశారు. ఆ రోజు చెరువులో రొయ్యల పట్టుబడి ఉందని రమణ రాలేదు. థియేటరు బయట అమ్మ ఒక్కతే కూర్చుంది. డిశ్చార్జి అయి ఇంటికొచ్చిన తొమ్మిదో రోజున అప్పాయమ్మ, "అట్లా ముడుచుకుని పడుకుంటే ఒళ్ళు పట్టేస్తది అమ్మాయ్, లేచి రెండు గిన్నెలు తోము," అంది. తోమింది. ఇలాంటి జబ్బు వచ్చినవాళ్ళకి ఒంట్లో ఎదుగుదలని రెచ్చగొట్టే మందు ఇవ్వకూడదని నర్సింగు చదివిన ఎవరికైనా తెలుసు. రమణకి తెలీదు. ఆ జబ్బు సంగతే మరిచిపోయి ఉంటాడు. మరిచిపోయి ఉంటే బావుణ్ణని బస్సు దిగేదాకా అనుకుంది. మరుపైతే తిట్టి ఊరుకోవచ్చు.

అరుగు మీద రమణ, లాటులో ఇంకొకడైన అతని స్నేహితుడు దుర్గేష్ టీ తాగుతున్నారు. గుమ్మంలో అప్పాయమ్మ.

"ఏవండీ, నాకు కాకినాడలో ఏం ఆపరేషనయింది?"

"ఇప్పుడదెందుకే?"

"చెప్పండి."

"క్యాన్సరేగా. తీసేసేరుగా. తీసేసేక ఇంకేవుంది?"

"మరి లేదని రాసేరేంటి?"

రమణ కప్పు దింపాడు. సమాధానం దుర్గేష్ చెప్పాడు. "ఉందని రాస్తే ఇవ్వరంట వదినగారండీ. మాణిక్యాలరావు తప్పుకున్నాడు కదా. ఐదో పేరు లేకపోతే లాటు రాదు."

"అంటే మీకు తెలిసే రాసేరు."

"తప్పేవుంది?" రమణ గొంతు పెంచాడు. "నువ్వూ పొడుచుకో. మొన్న రొయ్యలు కొనడానికొచ్చినాయన నిన్ను చూసి మీ అక్కగారా అన్నాడు. పక్కన నిలబెట్టుకోవాలంటే నాకే సిగ్గుగా ఉంటంది."

దుర్గేష్ కిసుక్కున నవ్వి, టీలో మొహం దాచుకున్నాడు.

"ఒక్క మాట అటూ ఇటూ అయితే ఏం మునిగిపోద్ది అమ్మాయ్," అంది అప్పాయమ్మ. "మగోళ్ళు నలుగురు ఆశపడి కూర్చున్నారు."

అనితకి ఏడుపు రాలేదు. కోపం కూడా అనుకున్నంత రాలేదు. రోగి ఒంటి మీద ఎక్కడ కొయ్యాలో తెలిసినప్పుడు సర్జను మొహంలో ఉండే నిదానం వచ్చింది. అరుగు మెట్టు మీద కూర్చుని ఫోను తీసింది. క్లినిక్కు నంబరుకి టైపు చేస్తూ, ఒక్కో మాటా పైకి చదివింది.

"నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. మూడేళ్ళయింది. కాకినాడలో ఆపరేషన్ కాగితాలు జత చేస్తున్నాను. ఆ ఫారం మీద సంతకం నాది కాదు. నా పేరు పేషెంటుగానే కాదు, నర్సుగా కూడా తీసెయ్యండి. ఇకమీదట ఎవరికీ నేను పొడవను. మిగతావాళ్ళకి ఒకసారి చక్కెర పరీక్ష చేయించండి."

దుర్గేష్ నవ్వు ఎప్పుడో ఆగింది. రమణ లేచి నిలబడ్డాడు. "నీకేమైనా మతిపోయిందా? అది పంపితే మా అందరికీ మందాగిపోద్దే!"

"ఆయ్," అంది అనిత, ఎప్పటి మర్యాదతోనే. "ఆగిపోద్దండి."

పంపేసింది.